ఆపరేషన్ కొంగుముడి

"రేపు ప్రొద్దుటూరులో ఒకావిడను చంపబోతున్నారు," అన్నాడు చీఫ్ శివప్రసాద్. "ఎవరినో తెలుసు. ఎక్కడో తెలుసు. దేనితోనో మాత్రం తెలీదు."

పులివెందుల దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న చీనీ (బత్తాయి) తోట అది. బయటికి బోరు మోటారు షెడ్డు. లోపల లాప్‌టాప్‌లు, వైర్‌లెస్ సెట్లు. ఏజెంట్ వెంకటకృష్ణ చీనీకాయ ఒలుచుకుంటూ వింటున్నాడు. పుట్టింది ఆ పక్క పల్లెలోనే, గొర్రెలు కాసుకునే ఇంట్లో. సొంత జిల్లాలో ఇదే అతనికి మొదటి కేసు.

"టార్గెట్ డాక్టర్ యశోద. జమ్మలమడుగు ఆవిడ. మన క్షిపణులకు దారి చూపే ప్రోగ్రాం ఆవిడ బుర్రలో పుట్టిందే. ఇక వీళ్లను చూడు."

స్క్రీన్ మీద ఇద్దరు. నవ్వుముఖం మగవాడు. పక్కన ఒకసారి చూసినవాడు రెండోసారి చూడక తప్పని అందగత్తె.

"విక్టర్, ఇలోనా. భార్యాభర్తలమని చెప్పుకుంటూ యూరప్ నుంచి దిగారు. కొత్త దేశంలో మోడరన్ ఆర్ట్ గ్యాలరీ పెట్టడం వాళ్ల కలట. ఢిల్లీ వదిలేసి, ముంబై వదిలేసి, ప్రొద్దుటూరులో పాత జిన్నింగ్ మిల్లు అద్దెకు తీసుకున్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రేపు ప్రారంభోత్సవం. చీఫ్ గెస్ట్ యశోద."

"లోపలేస్తే పోలా సార్?"

"సాక్ష్యమేదీ? ఫంక్షన్ ఆపితే విక్టర్ విమానం ఎక్కేస్తాడు. ఎక్కేముందు ఇలోనాను చంపుతాడు."

"సొంత మనిషినా?"

"ఆమె డబుల్ ఏజెంట్. మన మనిషి. ఫంక్షన్ ఆపితే గుట్టు చెప్పింది ఆమేనని పసిగడతాడు. చివరి మెసేజ్ ఇదీ: 'బాంబు కాదు, తుపాకి కాదు. యశోద చేత్తో చేసే పనిలోనే ఏదో ఉంది. నాకు కూడా చెప్పలేదు.' ఫైర్ ఇన్‌స్పెక్షన్ పేరుతో హాలంతా గాలించాం. ఏమీ దొరకలేదు."

"డాక్టరమ్మకు చెప్పినారా?"

"చెప్పాం. 'నా జిల్లాలో నేనే బెదిరిపోతే ఇంగ యాడికి పోవాలప్పా?' అంది. వస్తుంది."

వెంకటకృష్ణ చీనీ తొన పక్కన పెట్టాడు. "మిల్లు ఓనరెవరు సార్?"

"చెన్నకేశవ శెట్టి. బంగారు అంగడి ఉంది."

"అయితే పూజ లేకుండా తలుపు తీయనీడు. కొత్త అంగట్లో ఏదైనా ముందు దంపతులు ముట్టుకోవల్ల. గెస్టు తర్వాతే. విక్టర్ చేత ప్రతి వస్తువూ పట్టిస్తా. ఏది పట్టుకోడో, అదే."

"పట్టించేదెవరు?"

"అయ్యవారు. అంటే నేను."

చీఫ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "మంత్రాలొచ్చా?"

"ఇయర్‌పీస్ ఇస్తారు కదా సార్."

మర్నాడు పొద్దున మిల్లు బయట క్యాటరింగ్ వ్యాను ఆగింది. అందులో గిన్నెల మధ్య అసలు పురోహితుడు వెంకటరమణయ్య మైకు పట్టుకుని కూర్చున్నాడు. లోపల పంచె, ఉత్తరీయం, విభూతి రేఖలతో వెంకటకృష్ణ. ఊళ్లో పెద్ద వ్యాపారులంతా వచ్చారు. గోడలకు రంగుల బొమ్మలు. నట్టనడిమి గోడకు ఏమీ వేయని తెల్లటి కాన్వాస్. ముందు వరసలో యశోద, నెమ్మదిగా నీళ్లు తాగుతోంది.

"పూజ మీరు చేసుకోండి," అన్నాడు విక్టర్ ఇంగ్లీషులో. "మేం పక్కన నిలబడతాం. మిగతాదంతా చీఫ్ గెస్ట్ చేస్తారు."

మన ఫంక్షన్ల వీడియోలు ఎన్నో చూసి నేర్చుకున్నాడతను. వాటిలో అన్నీ చీఫ్ గెస్టులే చేస్తారు మరి. ఆ వీడియోల్లో చెన్నకేశవ శెట్టి లేడు.

"అట్ల కుదరదు విక్టరప్పా," అన్నాడు శెట్టి. "అంగడి మీది. ఆలుమగలు ముందు ముట్టుకోకపోతే కలిసిరాదు. ఏందే సంజీవమ్మా, చూస్తాండావు? ముడెయ్యి!"

శెట్టి భార్య సంజీవమ్మ ఇలోనా పట్టుచీర కొంగును విక్టర్ కండువాకు గట్టిగా ముడేసింది. అంతమంది ముందు విక్టర్ నవ్వక తప్పలేదు.

"ఇద్దరూ కలిపి పట్టుకోవల్ల," అన్నాడు వెంకటకృష్ణ. చెవిలో వెంకటరమణయ్య గొంతు పలికింది పలికినట్టు అప్పజెబుతున్నాడు.

కొబ్బరికాయ ఇచ్చాడు. విక్టర్ ఠక్కున కొట్టాడు. స్టవ్ చూపించాడు. ఇద్దరూ వెలిగించి పాలు పొంగించారు. గుమ్మడికాయ ఇచ్చాడు. విక్టర్ హుషారుగా పగలగొట్టాడు.

గుమ్మడికాయ దగ్గర ఇలోనాకు సంగతి అర్థమైంది. అయ్యవారు వస్తువులను పరీక్షిస్తున్నాడు. అదీ ఇలోనా చేతుల మీదుగానే. అయినా ఆమె తర్వాత ఇచ్చిన రిబ్బన్ కత్తెరకు చెయ్యి చాచింది, విక్టర్ కూడా దాన్ని పట్టుకున్నాడు. వెంకటకృష్ణకు సిగ్గేసింది. ప్లాన్ వేసింది తను, ప్రాణం పెడుతున్నది ఆమె. ఆపేద్దామనిపించింది. ఆపితే ఆమె ప్రాణమే ముందు పోతుంది.

ఇక మిగిలింది నిలువెత్తు ఇత్తడి దీపపు కుంది. కొవ్వొత్తి ఇద్దరి చేతుల్లో పెట్టాడు.

విక్టర్ చెయ్యి మెల్లగా వెనక్కి జారుకుంది.

"పొగ నాకు పడదు," అన్నాడు. "నువ్వు వెలిగించు, డార్లింగ్." ఒక్క అడుగు పక్కకు వేశాడు. కొంగుముడి బిర్రుగా సాగింది.

ఇలోనా ఆ ముడిని చూసింది. వెంకటకృష్ణను చూసింది. వద్దంటే విక్టర్‌కు అంతా తెలిసిపోతుంది. కొవ్వొత్తి ముందుకు జరిపింది.

"దీపం జ్యోతిః..." అంటోంది చెవిలో గొంతు.

వత్తి అంటుకుంది. వెంకటకృష్ణ మంత్రం మానేసి, ముడిని రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇలోనా వెల్లకిలా పడింది. కుంది మెడలో స్ప్రింగును పట్టి ఉంచిన మైనం వేడికి కరిగి టప్‌మని చప్పుడైంది. సన్నటి సూది ఆమె గుండె ఉండాల్సిన చోటు మీదుగా దూసుకెళ్లి తెల్లటి కాన్వాస్‌లో దిగింది. చుట్టూ పచ్చటి విషం మరకలా పాకింది.

విక్టర్ వెనక తలుపు వైపు దూకాడు. ఇలోనా కొంగును మణికట్టుకు చుట్టుకుని నేలమీదే బిగదీసింది.

"పెండ్లాన్ని ఇడ్సి యాడికి పోతాండావు?" అంది, సంజీవమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో.

విక్టర్ బోర్లా పడ్డాడు. అయ్యవారి మోకాలు వీపు మీద దిగింది. పాయసం గిన్నెలు వదిలేసి వంటవాళ్లు జేబుల్లోంచి బేడీలు తీసి అతనికి వేశారు.

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. మోడరన్ ఆర్ట్ అంటే ఇదే కాబోలనుకున్నారు జనం.

యశోద లేచి వచ్చింది. ఇలోనాను లేవనెత్తి కావలించుకుంది. "నా కోసరం వచ్చిన సావుకు నువ్వు ఎదురుపోయినావు కదమ్మా," అంది. రిబ్బన్ కోసం పళ్లెంలో ఉంచిన కత్తెర తీసుకుంది.

"కొంగుముడి కత్తిరించగూడదు తల్లీ, అరిష్టం!" అంది సంజీవమ్మ.

"ఈ మొగునికి కావల్సింది ఆ అరిష్టమేలేక్కా," అంది యశోద, ముడిని కసుక్కున కత్తిరించింది.

మళ్లీ చప్పట్లు. చెన్నకేశవ శెట్టి అందరికంటే గట్టిగా కొట్టి, చెమట తుడుచుకుంటున్న వెంకటకృష్ణ దగ్గరికొచ్చాడు.

"శానా బాగ చేసినారు స్వామీ! మా తమ్ముడోళ్లు ఇంగా రాలేదు. మళ్ల ఆట ఎన్ని గంటలకు?"