మూరెడు లోతు కుండ

పిల్లకొండచిలువ చాలా రోజులుగా ఎలకపిల్లను ముట్టడం లేదు. ఆ బెంగతో ఫిఫామెకూ ముద్ద దిగడం లేదు. ఏ ఇల్లు పెడితే దానికి నచ్చుతుందో అంతుపట్టలేదు. మరిది సెగ్లా అబొమే పట్నం నుంచి గాజుపెట్టె తెచ్చాడు. తెల్లవాళ్లు పాముల్ని పెంచుకునేది అలాంటి వాటిలోనేనట. అందులో వేస్తే అది మూలకు ముక్కు రాసుకుని పుండు చేసుకుంది. ఫిఫామె దాన్ని చెక్కపెట్టెలో పెట్టింది, బుట్టలో పెట్టింది. లాభం లేకపోయింది.

అది ఆమె భర్త అగోసు తవ్విన ఆఖరి గుడ్లలోది. అన్నదమ్ములిద్దరూ చెదపుట్టలు తవ్వి కొండచిలువ గుడ్లు తెచ్చి, పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు. ఆ రోజు గుడ్లు పట్టుకుని సెగ్లా ఒక్కడే వచ్చాడు.

"అన్న లేగోస్ లారీ ఎక్కేశాడు వదినా. నీ పోరు పడలేకేమో!" అని ఇకిలించాడు.

ఊరు నమ్మింది. ఫిఫామె నమ్మలేదు. మనిషి ఉన్నాడో పోయాడో తెలియక లోలోపల ఉడికిపోయింది.

అగోసు మాట ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. "పిల్లపాముకి పెద్ద కొంప ఇస్తే భయంతో చస్తుందే. ఒళ్లు చుట్టూ గోడకి తగలాలి. చీకటీ చెమ్మా ఉండాలి." వెంటనే పామాయిల్ పోసుకునే పాత కుండ కడిగింది. మూరెడు లోతు, పిడికిలి పట్టేంత మూతి. అడుగున తడిమట్టి పరిచి, పిల్లను వదిలి, మూతికి గుడ్డ కట్టింది.

మధ్యాహ్నం ఎడారిగాలి లేచింది. ఎర్రదుమ్ముకు ఎండ పాలిపోయింది. పెదాలు పగిలే పొడిగాలిలో, ఇంట్లో మాత్రం అప్పుడే తవ్విన గోతి వాసన. కుండలోంచి చప్పుడు వినిపించింది. పాము బుస కాదు. ఎవరో కష్టం మీద ఊపిరి తీస్తున్నారు.

"ఇరుకుగా ఉందే..."

ఫిఫామె చేతిలోంచి గరిటె జారింది.

"కాళ్లు... కాళ్లు పట్టుకుని లాగు..."

అగోసు గొంతే. ఆమెకు ఏడుపు రాలేదు. అంతా అర్థమైంది. కోపం లోపలే గడ్డకట్టింది.

సాయంత్రం సెగ్లా సొడబి సారా కంపు కొడుతూ వచ్చాడు. "ఏం వదినా, పాముకి వేరు కాపురం పెట్టావంట! బేరగాడు వస్తున్నాడు, ఇటివ్వు."

"కుండలో ఉంది. నువ్వే తీసుకో."

గుడ్డ విప్పి చెయ్యి పెట్టాడు. మణికట్టు దిగింది. మోచెయ్యి దిగింది. ఇంకా దిగుతూనే ఉంది... సెగ్లా నవ్వు ఆగిపోయింది.

"వదినా... ఈ కుండ లోతెంత?"

"మూరెడు."

భుజం మూతికి ఆనింది. వాడి మొహం బూడిదలా అయింది.

"ఎవరో పట్టుకున్నారు... వేళ్లు... పగలగొట్టు వదినా, నీ కాళ్లు మొక్కుతా!"

ఫిఫామె రోకలి అందుకుంది. ఎత్తలేదు.

"మీ అన్న ఎక్కడ?"

"వాగు అవతల పెద్ద పుట్టలో... తల దూర్చి గుడ్లు అందిస్తుంటే మట్టి కూలింది. కాళ్లు కొట్టుకున్నాడు..."

"లాగావా?"

"నాన్న పొలం... మొత్తం నాకే వస్తుందని..."

ఆమె రోకలి గోడకు ఆనించింది. బయటికెళ్లి తలుపు మూసి గడపలో కూర్చుంది. లోపల కేకలు. తర్వాత ఆ కేకలు ఇంట్లోంచి రావడం మానేసి, ఆమె కూర్చున్న నేల కిందనుంచి వచ్చాయి. కాసేపటికి అవీ సన్నగిల్లాయి.

తలుపు తెరిస్తే సెగ్లా లేడు. పగలని కుండలో పిల్లపాము ఉండ చుట్టుకుని నిద్రపోతోంది.

తెల్లారాక ఇరుగుపొరుగు మగవాళ్లు పారలతో ఆమె వెంట నడిచారు. వాగు దాటేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పుట్ట మీద మట్టి రాయిలా బిగిసిపోయి ఉంది. ఈమధ్య ఎవరూ తాకిన జాడ లేదు. ఒక మనిషి కోసం తవ్వితే నాలుగు పాదాలు బయటపడ్డాయి. రెండు ఎండి కట్టెలైపోయాయి. రెండు ఇంకా కొట్టుకుంటున్నాయి.

మట్టి అడుగునుంచి సన్నగా వినిపించింది. "వదినా... లాగు..."

పారలు పడేసి అందరూ వెనక్కి తగ్గారు. ఫిఫామె మోకాళ్ల మీద కూర్చుంది. ఎండిన రెండు కాళ్లనే పట్టుకుని, మెల్లగా, తన మనిషిని బయటికి లాక్కుంది.