రంగుల గది బూచి

ఆ రోజు శుక్రవారం. రాత్రి ఏడున్నర. కరెంటు పోయి కాసేపయింది.

ఆ ఇంటి వెనక రంగుల గదికి మొదట్నించీ మంచి పేరు లేదు. బట్టలకి రంగులేసే కుటుంబం వాళ్ళది. గది మధ్యలో నేలలోకి దింపి కట్టిన తొట్టి, మనిషి నిలువులోతు. దీపాలు పెట్టాక పనివాళ్ళెవరూ అటు పోయేవారు కాదు. అందులోంచి ఎవరో పిలిచినట్టుంటుందని చెప్పుకునేవారట.

నిజమో అబద్ధమో గానీ, అత్తగారికి ఆ మాట అక్కరకొచ్చింది. నాలుగేళ్ళ మనవరాలు పిచ్చుక అటు పోకుండా, తొట్టిలో బూచి ఉందని చెప్పిపెట్టింది. ఆవిడకి ఇస్త్రీపెట్టె బూచి, మేడమెట్లు బూచి, అన్నం వదిలేస్తే బూచి. "మా అమ్మ లెక్కన ఈ ఇంట్లో మనకంటే బూచులే ఎక్కువ" అని కొడుకు నవ్వేవాడు.

బూచి ఎలా ఉంటుందని పిల్ల ఓసారి అడిగింది. దానికి రూపం లేదమ్మా, మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, పలికావో పట్టుకుపోతుంది అందావిడ. కోడలికి ఒళ్ళు మండింది. పిల్ల జడుసుకుంటుంది అత్తయ్యా అంటే, "ఆ కాస్త జడుపూ ఉంటేనే పిల్ల మనకి దక్కేదమ్మా" అని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం అత్తగారు పూజలో ఉంది. కోడలు ముందుగదిలో కొవ్వొత్తి వెలుగులో బట్టలు మడతపెడుతోంది. పక్కనే ఆడుకుంటున్న పిల్ల ఎప్పుడు లేచిందో చూసుకోలేదు. తలెత్తేసరికి — లేదు.

వంటింట్లో లేదు. మేడమీద లేదు. రంగుల గది తలుపు... ఓరగా తెరిచి ఉంది.

"పిచ్చుకా..."



గుమ్మం దాటగానే చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో ఘాటుగా రంగు వాసన. తొట్టిలో నీళ్ళు మెల్లిగా కదిలిన చప్పుడు. మళ్ళీ పిలిచింది. బతిమాలుతూ పిలిచింది. ఏడుస్తూ పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు తట్టింది — ఎంత పిలిస్తే అంత పలకదు. చీకట్లో ఆ పిల్లకిప్పుడు తనే బూచి.

నోరు నొక్కుకుని, నేలమీదికి ఒంగి, తడుముకుంటూ పోయింది. తొట్టి గట్టు తగిలింది. గట్టు మీద... చిన్న పాదం.

ఒక్క ఊపున ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. అమ్మ మొహమంతా తడిమి చూసి, అప్పుడు గాని చేతులు తియ్యలేదు.

"నువ్వు అమ్మవేనా?"

"నేనే తల్లీ. ఇంతసేపు పిలిస్తే పలకవేం?"

"నానమ్మ పలకొద్దంది కదా..." పిల్ల చెవిలో గుసగుసలాడింది. "ముందు నువ్వు ఇక్కణ్ణించి పిలిచావని వచ్చానమ్మా. తొట్టిలోకి దిగు, దిగు అన్నావు చూడు... అప్పట్నించీ పలకలేదు."

పిల్లని వెతకడానికి లేచేదాకా కోడలు ఆ సాయంత్రం ముందుగది విడిచి కదలనేలేదు. పిల్లని పిలవనూ లేదు.

తెల్లారగానే కొడుకూ పనివాళ్ళూ కలిసి తొట్టిలో నీళ్ళు తోడేశారు. అడుగున రంగు మడ్డి తప్ప ఏమీ లేదు. అయినా సరే, మట్టి తెప్పించి పూడ్చేశారు.

పని సగంలో ఉండగా అత్తగారికి కోడలితో ఏదో చెప్పాల్సొచ్చింది. వాకిట్లోంచి కేకెయ్యబోయి ఆగింది. పెరడంతా నడిచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, కోడలు తిరిగి చూశాకే మాట్లాడింది.

ఆ పొద్దుట్నించీ ఆ ఇంట్లో అందరూ అంతే.