గది రద్దు చేసిందెవరు?

"రద్దయిపోయిందా? ఎవరు రద్దు చేసిండ్రమ్మా? నేను గిప్పుడే కదా ఫోన్ చేస్తున్న!"

శోభ ఫోనులో గట్టిగా అడిగింది. అవతల విశాఖపట్నం హోటల్లో ఫోన్ ఎత్తిన అమ్మాయి మళ్ళీ ఓపికగా చెప్పింది. "ఎనిమిది రోజుల క్రితమే రద్దయిందండీ. సైటులో బుక్ చేసిన అకౌంటు నుంచే చేశారు. కారణం దగ్గర 'ప్రయాణం మానుకున్నాము' అని ఉందండీ... పెద్దావిడకు మెట్లెక్కడం కష్టం, కింది గది కావాలని రాశారు కదా, అందుకే నాకు గుర్తుంది. మానుకున్నారంటే ఏమైందోనని అనుకున్నాను. ఆవిడ కులాసాయేనా అండీ?"

శోభ ఫోన్ చేసేముందు ఎన్ని అనుకుంది! మీ తెలంగాణ గొడవలతో మాకు నష్టమని ఆ అమ్మాయి సణుగుతుందనీ, తన యాస విని నవ్వుతుందనీ, నవ్వితే కడిగేయాలనీ... తీరా ఆ పరాయి పిల్ల అమ్మ కులాసా అడుగుతోంది. మోసం చేసిన మనిషేమో తన ఇంట్లోనే ఉన్నాడు!

"మంచిగనే ఉందమ్మా," అని ఫోన్ పెట్టేసి, వంటింటి గడపలో అలాగే కూలబడింది.

ఏడాది పైచిలుకు కిందటి మాట. శోభ తమ్ముడు పౌలు బతుకుతెరువు కోసం విశాఖపట్నం ఓడరేవు పనికి పోయాడు. పోయిన నాలుగు నెలలకే క్రేను మీంచి బరువు జారి పడి ప్రాణం వదిలాడు. కబురు సొంతూరు జఫర్‌గఢ్ చేరేసరికే తోటి కూలీలు, ఒక పాస్టరుగారు కలిసి అక్కడే సమాధి చేసేశారు. ఆ మాట విన్న తల్లి కొమురమ్మ ఉన్నచోటనే పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో ఒక నెల, మంచంలో ఆరు నెలలు... కన్నకొడుకును మట్టిచేసిన చోటు ఎట్లుంటుందో కూడా చూడలేదా తల్లి! చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేసిన రోజు ఆమె అడిగింది ఒక్కటే. "బిడ్డా, ఏడాది దినానికన్న నన్ను నా కొడుకు కాడికి తీస్కపో."

మహబూబాబాద్ తహసీల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే శోభ, ఇంటర్ చదివే కూతురు అఖిలను వెంటబెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుంది. హోటళ్ళు బుక్ చేసే సైటులో వెతికి వెతికి, సమాధుల తోటకు దగ్గరగా, మెట్లు లేని కింది గది ఒకటి పట్టుకున్నారు. తండ్రి గణపతి బ్యాంకు కార్డు, అతని మెయిలు పెట్టి బుక్ చేసింది అఖిల. ఆ సంగతి అతనికి చెప్పే చేశారు. అతనూ సరేనన్నాడు.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. శోభ కూడా రోజూ శిబిరంలో కూర్చుంటోంది. రోడ్ల మీద వంటావార్పుల్లో కూరగాయలు తరిగింది, నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుంది. ఇప్పుడు రైల్ రోకో ప్రకటించారు. సరిగ్గా పౌలు ఏడాది దినానికే రైళ్ళు బంద్! బాధపడినా శోభ తప్పుపట్టలేదు. పైసలు కోత లేకుండా గది రద్దు చేసుకోవడానికి ఆ సాయంత్రం దాకానే గడువుందని అఖిల గుర్తుచేసింది. రద్దు అతని మెయిలు నుంచే చేయాలి, గణపతేమో ఫోన్ ఎత్తలేదు. అందుకే బుకింగ్ కాగితం మీదున్న నంబరు చూసి హోటలుకు ఫోన్ చేసింది...

ఎనిమిది రోజుల కిందట! అప్పటికి రైల్ రోకో మాటే లేదు! నాలుగు రోజుల కిందనే కొమురమ్మ జఫర్‌గఢ్ నుంచి సంచి సర్దుకుని వచ్చి, ఈ ఇంట్లోనే కూర్చుని దినాలు లెక్కపెడుతోంది. ఆ సంచి చూస్తూ, ఆమెతో కలిసి అన్నం తింటూ, ఒక్క మాటన్నా చెప్పలేదు ఆ మనిషి!

గణపతి కేసముద్రం మార్కెట్లో, రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తా. పొద్దుగూకుతుండగా ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ, ఏమీ ఎరగనట్టే అన్నాడు. "రైళ్ళు బందాయె. ఇగ గా రూము సంగతి పోయినట్టే శోభా. ఏం జేస్తం, ఉద్యమమాయె..."

శోభ దిగ్గున లేచింది!

"ఉద్యమమా? ఉద్యమం పేరెత్తకు! గా పేరు తీసే హక్కు నీకు లేదు! ఎనిమిది దినాల కింద గది రద్దు చేసినప్పుడు ఏ ఉద్యమం అడ్డమొచ్చింది? హోటలామె చెప్పింది నాకు అన్ని!"

గణపతి చేతిలోంచి చెంబు జారింది. అఖిల తలుపు పట్టుకుని బిక్కచచ్చి చూస్తోంది.

"పైసలు యాడికీ పోలే... గట్లనే బ్యాంకుల ఉన్నయ్..."

"పైసలడిగిన్నా నేను? మా అవ్వ సంచి సర్దుకోని వచ్చింది! కొడుకు సమాధి మీద కప్పుతనని తెల్ల దుప్పటి కుట్టుకోని తెచ్చింది! గది లేకుండనే మమ్మల్ని రైలెక్కించెటోనివా? రైల్ రోకో రాకుంటే ఏం జేద్దువు?"

"చెప్దామనే అనుకున్న... నోరు రాలే. గింతల రోకో వచ్చింది. ఇగ చెప్పే పనే లేదనుకున్న..."

"జనం లాఠీలకు ఓర్చుకోని చేసే పోరాటం చాటున నీ అబద్ధం దాచిపెట్టుకున్నవా! సిగ్గు లేదా నీకు?"

గణపతి తల వంచుకున్నాడు. "ఎందుకు చేసిన్నో అడుగవా?" అన్నాడు. "పౌలు విశాఖపట్నం పోకముందు నా కాడికే వచ్చిండు శోభా. మార్కెట్ల హమాలి పనన్న ఇప్పియ్యి బావా అన్నడు. గుమాస్తా బామ్మర్ది బస్తాలు మోస్తుండని నలుగురు నవ్వుతరని... 'నా పరువు తియ్యకు, ఇంకోసారి ఈ గేటు తొక్కకు' అన్న. అందరి ముంగట అన్న! ఒక్క మాట ఎదురనకుండ పోయిండు... నేను పని ఇప్పిస్తే బతికే ఉండెటోడు! నేను రానంటే ఎందుకు రావని అడుగుతరు. వస్తే ఆ సమాధి ముంగట ఏం మొఖం పెట్టుకోని నిలబడాలె? గందుకే పోవుడే లేకుంట రద్దు చేసిన."

తన తమ్ముడు... తన ఒక్కగానొక్క తమ్ముడు తన గడపలోకి కూడా రాకుండా, అక్కతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోవడానికి కారణం ఇదా! రైలెక్కేముందు ఒక్కసారి కనిపించిపోలేదని ఏడాదిగా వాడినే తిట్టుకుంది కదా!

"నీ సిగ్గు పెద్దదైందా? ఒక తల్లి దుఃఖం కంటే నీ మొఖం పెద్దదైందా!" అని అరిచి, ముఖం కొంగులో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడు. కొమురమ్మ మెల్లగా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏడ్వకు బిడ్డా. నాకు ఎరికే."

"ఏం ఎరికనే అవ్వా?"

"మార్కెట్ల సంగతి. పౌలు చెప్పే పోయిండు. 'అక్కకు చెప్పకవ్వా, అక్క కాపురంల లొల్లి అయితది' అన్నడు. ఆని మాట నిలబెట్టిన. గింతే."

ఏడాది పాటు! కొడుకును పోగొట్టుకుని, తుంటి విరిగి, ఈ అల్లుడు దవాఖానకు తెచ్చిన జావ తాగుతూ... ఒక్కనాడన్నా ఒక్క ముక్క అనలేదా తల్లి! కూతురి సంసారం కోసం అంత బరువు గుండెలో మోసిందా!

"అందరు కలిసి నన్నే గుడ్డిదాన్ని చేసిండ్రు..." అంది శోభ.

కొమురమ్మ అల్లుడి వైపు తిరిగింది. ఆమె గొంతులో కన్నీళ్ళు లేవు, కోపం ఉంది. "గణపతీ, రైళ్ళు ఆపెటోళ్ళు మైకుల చెప్పి ఆపుతున్నరు. ఎందుకు ఆపుతున్నరో చెప్తున్నరు. దానికి నాకు బాధ లేదు. నువ్వు చెప్పకుండ ఆపినవు! మార్కెట్ల అన్న మాట నేను ఎన్నడో మరిసిన. గిది మాత్రం మరువ!"

గణపతి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆమె లేవమనలేదు.

ఏడాది దినం నాడు కొమురమ్మ పట్టుబట్టి కూతురితో స్టేషనుకు వెళ్ళింది. పట్టాల నిండా జనం. ఎవరో కుర్చీ వేశారు. తనను కొడుకు దగ్గరికి తీసుకుపోవలసిన రైలుకు అడ్డంగా, ఆ తల్లి కూడా సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. "మావోడు పొట్ట చేతవట్టుకోని గంత దూరం పోయిండు. గీ పిల్లలన్న ఈడనే బతకాలె," అంది పక్కనున్న ఆడవాళ్ళతో. శోభ ఆమె భుజం మీద తల పెట్టి నిశ్శబ్దంగా ఏడ్చింది.

సమ్మె ముగిసింది. రైళ్ళు కదిలాయి. నవంబరు రెండున సమాధుల పండుగ. ఈసారి శోభ తన పేరు మీద మెయిలు తెరిపించుకుని, తన కార్డుతో తనే గది బుక్ చేసింది. అదే హోటలు, అదే కింది గది. ముగ్గురికని రాస్తుంటే కొమురమ్మ అడిగింది.

"ముగ్గురంటే ఎవలెవలు?"

"నువ్వు, నేను, అఖిల."

"నలుగురని రాయి బిడ్డా."

"నేను రాయనవ్వా! నా చెయ్యి రాదు!"

"పౌలు అడిగిన పని నీ పెనిమిటి ఇయ్యలే. కనీసం ఆని ముంగటికన్న రానియ్యి. రాకుండ తప్పించుకుంటే ఆయనకు ఇంకా సులువైతది."

శోభ పళ్ళు బిగించి నలుగురని రాసింది. ఇంటి నుంచి విశాఖపట్నం దాకా భర్తతో ఒక్క మాట మాట్లాడలేదు.

సమాధుల తోటంతా కొవ్వొత్తులు, బంతిపూలు. పౌలు సమాధికి సిమెంటు కూడా లేదు. మట్టి దిబ్బ, కర్ర సిలువ, దాని మీద రంగుతో పేరు. చదువు రాని కొమురమ్మ ఆ అక్షరాల మీద వేళ్ళతో నిమిరింది. దుప్పటి పరిచి, దాని మీద చెంప ఆనించి పడుకుంది. "వచ్చిన్రా కొడుకా... ఆలిస్యమైంది... వచ్చిన్రా..."

గణపతి గేటు దగ్గరే ఆగిపోయాడు. అఖిల పిలిచినా రాలేదు. కొమురమ్మే లేచి, కర్ర ఊతగా అంత దూరమూ తిరిగి నడిచి, అతని చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

"పౌలూ, మీ బావ వచ్చిండురా!"

ఆ ఒక్క మాటకు గణపతి మోకాళ్ళ మీద కూలిపోయాడు. "నన్ను మన్నించు పౌలూ... గేటు తొక్కకు అంటి... నీ గేటు కాడ నేనే నిలబడ్డ..." అంటూ మట్టిలో తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

శోభ చూస్తూ నిలబడింది. కోపం పోలేదు. పోతుందో లేదో ఆమెకే తెలియదు! కాసేపటికి గణపతి కళ్ళు తుడుచుకుని, సమాధి చుట్టూ పెరిగిన ముళ్ళగడ్డి చేత్తో పీకడం మొదలుపెట్టాడు. అరచేతిలో నెత్తురు వచ్చింది. ఆపలేదు. శోభ వచ్చి రెండో వైపున కూర్చుని, తానూ గడ్డి పీకసాగింది. అతని వైపు చూడలేదు... లేచి పొమ్మనీ అనలేదు.