ఐదు గంటల గడి

మధ్యాహ్నం రెండు దాటాక ఆడవాళ్ళ వార్డు కాస్త తెరిపిన పడుతుంది. చూడవచ్చిన వాళ్ళని బయటికి పంపేస్తారు, కంచాల చప్పుడు ఆగుతుంది, ఫినాయిలు వాసన ఒక్కటే మిగులుతుంది. పైనున్న ఫ్యాన్లు తిరుగుతున్నాయో మూలుగుతున్నాయో చెప్పడం కష్టం. ప్రతి మంచం కాళ్ళ దగ్గరా ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టి ఒక కాగితం, ఆ కాగితం మీద గంటకో గడి. రోగి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ గడిలో రాయాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, వాచీ చూస్తూ లెక్కపెట్టడమే.

ఆ పని వైద్యం ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిది. వార్డంతా ఆమెను చిన్న డాక్టరమ్మ అనేవారు. వచ్చిన కొత్తలో ఎవరైనా పోతే మెట్ల కింద కూర్చుని ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు రావడం మానేసింది. నిలబడే తింటుంది. పుస్తకం తెరిస్తే ఒకే వాక్యం నాలుగుసార్లు చదువుతుంది. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అని అడగడం పూర్తికాకముందే బాగున్నానని చెప్పేస్తుంది. బాగా అలిసిపోయానని ఒకసారి పెద్ద డాక్టరుగారి దగ్గర నోరు విప్పింది. ఆయన నవ్వి, నీళ్ళు బాగా తాగమన్నారు. మహానుభావుడు, అంతకంటే పెద్ద మందు ఆయనకీ తెలియదు మరి.

తొమ్మిదో మంచం మీద టైలరమ్మ ఉండేది. యాభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. సూది గుచ్చుకోకుండా వేసుకునే ఇత్తడి తొడుగు ఆస్పత్రిలో కూడా ఆమె నడిమి వేలికే ఉండేది. అది తీస్తే వేలు బోసిపోతుందట. గుండె నీరసపడి చేరింది. ఒక్కతే కూతురు పనికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి గానీ వచ్చేది కాదు. అందుకే చిన్న డాక్టరమ్మ వచ్చే వేళకి టైలరమ్మ చెయ్యి దుప్పటి బయట సిద్ధంగా ఉండేది.

"పగలంతా నా చెయ్యి పట్టుకునేది నువ్వొక్కదానివే తల్లీ," అనేది. "కొలత సరిగ్గా తియ్యి. చూడకుండా రాసుకుంటే చొక్కా ఎవరికీ పట్టదు."

ఆవేళ చిన్న డాక్టరమ్మ డ్యూటీ ఎక్కి ముప్పై ఒక్క గంటలైంది. రెండింటికి టైలరమ్మ నాడి నిజంగానే చూసింది. ఎనభై రెండు. అంకె వేస్తుంటే కలం చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకుని లేచేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. అప్పుడు చేసింది ఆ పని. మూడింటి గడిలో ఎనభై నాలుగు, నాలుగింటి గడిలో ఎనభై రెండు, ఐదింటి గడిలో మళ్ళీ ఎనభై రెండు, అన్నీ అక్కడే నిలబడి నింపేసింది. అన్ని గడుల్లో ఒకే అంకె ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక ఎనభై నాలుగు వేసిన తెలివికి ఆమెకే కాస్త సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే నిద్ర బలమైనది. దుప్పట్లు దాచే గదిలోకి వెళ్ళి, ఉతికిన మూటల మీద వాలిపోయింది.

నాలుగున్నరకి సిస్టర్ వచ్చి లేపింది. తొమ్మిదో మంచం పోయింది అంది.

పరుగున వెళ్ళి చూస్తే టైలరమ్మ మొహం ప్రశాంతంగానే ఉంది. చెయ్యి మాత్రం దుప్పటి బయట ఉంది. అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు అందుబాటులో పెట్టి... అప్పటికే చల్లగా ఉంది. పెద్ద డాక్టరుగారు వచ్చేలోగా చిన్న డాక్టరమ్మ చేసింది ఒక్కటే. ఇంకా రాని ఐదు గంటల గడిలో తాను వేసిన అంకె మీద తెల్లరంగు పూసింది. ఆయన కాగితం చూసి, నాలుగింటికి బాగానే ఉంది, అరగంటలో పోయింది, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని భుజం తట్టారు. తిట్టి ఉంటే బతికిపోయేది.

మర్నాడు కాగితాల కోసం టైలరమ్మ కూతురు వచ్చింది. అందరి దగ్గరా అయ్యాక చిన్న డాక్టరమ్మను వెతుక్కుంటూ వచ్చి గోడవారగా నిలబడింది.

"మా అమ్మకి ఒంటరితనం అంటే భయమండీ," అంది. "నాలుగింటికి మీరు చెయ్యి పట్టుకుని చూశారట కదా?"

ఆ ఒక్క క్షణం చాలు, నిజం చెప్పడానికి.

"చూశానమ్మా," అంది చిన్న డాక్టరమ్మ.

కూతురు ఆమె రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ తడి ఎంత కడిగినా పోయినట్టనిపించలేదు. ఆవేళా మర్నాడూ అన్నం సయించలేదు. తిట్టడానికైనా ఎవరూ లేరే అని బాధపడింది.

మూడో రోజు మళ్ళీ మధ్యాహ్నం డ్యూటీ. బయట మబ్బు పట్టి వార్డులో పట్టపగలే లైట్లు వేశారు. తొమ్మిదో మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది. ఇకమీదట ఒక్క అంకె కూడా చూడకుండా రాయనని ఒట్టు పెట్టుకుని, చిన్న డాక్టరమ్మ మొదటి మంచం నుంచి మొదలుపెట్టింది.

మొదటామెకి ఎనభై నాలుగు. రెండో ఆమెకి ఎనభై రెండు. మూడో మంచం మీద జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లకి కూడా ఎనభై రెండే. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టింది. ఎనభై రెండు. నాలుగో మంచం... ఐదు... ఆరు... ఎవరి చెయ్యి పట్టుకున్నా అదే లెక్క, అదే నడక. ఇన్ని ఒళ్ళల్లో ఒకే గుండె కొట్టుకుంటున్నట్టు.

ఎనిమిదో మంచం దగ్గరికి వచ్చేసరికి వాసన తగిలింది. ఫినాయిలు కాదు. కుట్టుమిషనుకి వేసే నూనె.

పక్కకి చూడకూడదనుకుంది. చూసింది.

తొమ్మిదో మంచం అట్టకి ఒక కొత్త కాగితం ఉంది. గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దతో రాసినట్టు వంకర అక్షరాలు. పైన పేరు ఉండాల్సిన చోట... తన పేరు. మూడింటి గడిలో ఎనభై నాలుగు. నాలుగింటి గడిలో ఎనభై రెండు. ఐదింటి గడిలో ఏమీ లేదు. తెల్లరంగు మచ్చ. ఇంకా ఆరలేదు.

మణికట్టు మీద ఏదో ఆనింది. ఒక వేలు... రెండో వేలు, చల్లగా, గట్టిగా, ఇత్తడి... మూడో వేలు.

"చెయ్యి కదపకు తల్లీ."

గుసగుస చెవి పక్కనే.

"నేను చూడలేదు అమ్మమ్మా," అంది చిన్న డాక్టరమ్మ. మూడు రోజులుగా గొంతులో అడ్డుపడ్డ మాట ఏడుపుతో కలిసి బయటికొచ్చింది. "మూడింటికి రాలేదు. నాలుగింటికీ రాలేదు. పడుకున్నాను."

"తెలుసు," అంది గుసగుస. "మేలుకునే ఉన్నాగా. చెయ్యి బయటే పెట్టుకున్నా..."

వేళ్ళు వదిలేశాయి.

వార్డు చివర బల్ల దగ్గరికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి, వెళ్ళి చూసి వచ్చింది. తొమ్మిదో మంచానికి అసలు అట్టే లేదంది. చిన్న డాక్టరమ్మ జరిగిందంతా చెప్పేసింది. దొంగ అంకెలు, తెల్లరంగు, కూతురితో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. కూతురి నంబరు ఇమ్మంది, ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పేస్తానంది.

సిస్టర్ అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడో ఒకప్పుడు అందరం రాస్తామమ్మా. గట్టిగా అనకు," అంది. "నంబరు తర్వాత. ముందు నీ చెయ్యి ఇలా ఇవ్వు. మొహంలో నెత్తురు చుక్క లేదు."

మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది. వెచ్చటి వేళ్ళు. చిన్న డాక్టరమ్మకు కాస్త ప్రాణం కుదుటపడింది. ఒక మనిషి చెయ్యి పట్టుకుంటే ఇంత ఊరటా అనుకుంది, అనుకోగానే దుప్పటి బయట ఎదురుచూసిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

సిస్టర్ వేళ్ళు కొంచెం జరిపింది. ఆగింది. మళ్ళీ జరిపింది. మణికట్టు వదిలి గొంతు పక్కన ఆనించి చూసింది. మళ్ళీ మణికట్టుకే వచ్చింది. ఆమె నుదుట చెమట పట్టింది.

"ఎంత ఉంది సిస్టర్?"

గోడ గడియారం ఐదు కొట్టింది. సిస్టర్ చెయ్యి వదిలేసి, మొహం తిప్పుకుని, కాగితం ముందుకి లాక్కుంది. వాచీ వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"ఎనభై రెండు," అంది. "బాగానే ఉన్నావు. వెళ్ళి పడుకో."