కొట్టం కింది మట్టి

పొద్దున్నే టీ గ్లాసులు కడిగి బోర్లించి, ఆమె తన కుట్టుమిషన్‌ను తమ్ముడి వరండాలో గోడ వారకి జరిపింది. ఆరేళ్లుగా రోజూ ఇదే పని. కాపురం చెడి వచ్చాక ఆమెకూ మిషన్‌కూ స్థిరమైన చోటు లేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కదలాల్సింది ఆ రెండే. తండ్రి చేసిన పంపకాల్లో పొలం తమ్ముడికీ, పాత పశువుల కొట్టం ఆమెకీ వచ్చాయి. పశువులు ఎప్పుడో పోయాయి. కొట్టాన్ని రెండు గదుల ఇల్లు చేసుకుంటే తన తలుపు తాను వేసుకోవచ్చు. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు.

మేస్త్రీ ముందు పునాది చూడాలన్నాడు. ఆ మాట తండ్రికి గిట్టలేదు. నడుము లోతు తవ్వి తన చేత్తో రాళ్లు పేర్చానని, ఇన్నేళ్ల వానలకు గోడ చెక్కుచెదరలేదని, ఇప్పుడు గుంతలు తీయడమంటే తనని అబద్ధాలకోరు అన్నట్టేనని అలిగాడు.

"పశువైతే గోడ కదిలితే పలుపు తెంచుకుని పారిపోతుంది పెద్దాయనా," అన్నాడు మేస్త్రీ. "మనిషి ఇంకాస్త దుప్పటి కప్పుకుంటాడు."

బయట తీసిన గుంతలో రాళ్లు నడుము లోతు దాకా ఉన్నాయి. తండ్రి ముఖం వెలిగింది. తర్వాత మేస్త్రీ, బయటి నేలకన్నా బాగా పల్లంగా ఉన్న లోపలి మూలలో గడ్డపార వేశాడు. జానెడు దిగేసరికి రాళ్లు అయిపోయాయి. గడ్డపార గోడ కిందికి దూరిపోయింది.

లోపలి నేల ఎవరు తవ్వారని మేస్త్రీ అడిగాడు. అందరికీ తెలిసిందే. పశువుల కింద నానిన మట్టిని ఏటా ఎండాకాలం గీకి పొలానికి తోలడం, ఆ చోట కొత్త మట్టి పోయడం ఆ ఇంటి పద్ధతి. పశువులున్నంతకాలం తోలడం ఏ ఏడూ ఆగలేదు. పోయడం మాత్రం శ్రమనిపించి తండ్రి ఎప్పుడో మానేశాడు. పైగా గోడ వారన మట్టికి సారం ఎక్కువని అక్కడే లోతుగా తవ్వించేవాడు. చేను పచ్చగా ఉన్నంతకాలం ఆ బలం ఎక్కడ తరుగుతోందో ఎవరూ లెక్క చూడలేదు.

"తెలిసే నాకిది ఇచ్చావా నాన్నా?" కూతురి గొంతు పెరగలేదు.

"గోడలు నిలబడే ఉన్నాయి కదమ్మా."

"నేనూ నిలబడే ఉన్నాను. అలాగని బాగున్నానా?"

తమ్ముడు పొలం మట్టి తెచ్చి పోస్తానన్నాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. పంటకు మెత్తబడిన మట్టి గోడను మోయదట. మూరెడు మూరెడు చొప్పున తవ్వి, కింద రాయి కట్టుకుంటూ రావాలి. ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. నాలుగు నెలల పని, ఆ ఖర్చు ఆమె ఒక్కదానివల్ల అయ్యేది కాదు.

తీసింది తీసినట్టు తిరిగివ్వడానికి లేదన్నమాట. తండ్రి లోపలి గుంతలోకి దిగి గోడ కింద చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా వెళ్లింది. అలాగే కూర్చుండిపోయాడు.

"నీ వాటా నేనే తోలేశాను తల్లీ," అన్నాడు. "బండ్ల కొద్దీ. వాడి చేలోకి."

తమ్ముడు పొలం వైపు ఒకసారి చూశాడు. ఇంట్లో భార్యకి ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టుంది అతని ముఖం.

"ఈ ఏడు చేను నాది కాదక్కా," అన్నాడు చివరికి. "పండిందంతా నీ గోడల కిందికే."

ఆరేళ్లలో ఎవరికీ కన్నీరు కనబడనివ్వని ఆమె గుంత ఒడ్డున కూలబడి ఏడ్చింది. పైకి రావడానికి తండ్రి చెయ్యి చాచాడు. ఆమె వెంటనే అందుకోలేదు. ముసలి చెయ్యి గాలిలో అలాగే ఉంది. చాలాసేపటికి అందుకుంది.