టైలరు కూతురి పెళ్లి ఫొటోలు

కింద స్టూడియోలో ఇనుప స్టాండ్లు కదిలిన చప్పుడు వినగానే పిట్ట టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, నాన్న లైట్లు సర్దుతున్నాడా?"

"సర్దుతున్నారు," అంది తల్లి, పెనం మీద రొట్టె తిరగేస్తూ. "మూడు లైట్లు, వాటికి తగిలించే రెండు గొడుగులు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ తుడుస్తూనే ఉన్నారు. నేనేమీ అనలేదు. ఆ చెప్పేదేదో నువ్వే చెప్పుకో."

పిట్ట అసలు పేరు వేరే. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఎదురు షాపు టైలరు పెట్టిన ముద్దుపేరు అది. వీధి మొత్తానికీ అదే అలవాటైపోయింది. ఇప్పుడామెకు ఇరవయ్యేడేళ్లు. పెళ్లి ఫొటోలు తీయడమే పని, కానీ తండ్రి తీసినట్టు కాదు. ఎవరినీ నిలబడమనదు, గడ్డం పైకెత్తమనదు, నవ్వమనదు. చిన్న కెమెరా ఒకటి మెడలో వేసుకుని చుట్టాల్లో చుట్టంలా తిరుగుతూ, ఎవరు ఏం చేస్తుంటే అది తీస్తుంది. ఆ ఫొటోల కోసం ఊరి ఆ చివర నుంచి కూడా జనం వెతుక్కుంటూ వస్తున్నారు.

తండ్రిది ముప్పై ఏళ్ల స్టూడియో. పైన ఇల్లు, కింద స్టూడియో, రోడ్డుకు అవతల టైలరు షాపు. స్నేహితులిద్దరూ ఒకే ఏడాది షట్టర్లు ఎత్తారు. టైలరు పెళ్లి ఫొటోలు తీసింది ఆయనే. టైలరు కూతుర్ని ప్రతి పుట్టినరోజుకూ నీలం తెర ముందు కూర్చోబెట్టి తీసిందీ ఆయనే. ఇవాళ ఆ అమ్మాయి పెళ్లి. ఆయన్ని ఎవరో ప్రత్యేకంగా పిలవాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

పిట్ట మెట్లు దిగి వెళ్లింది. "నాన్నా, ఆ లైట్లు వద్దు."

"హాల్లో వెలుతురు చాలదే. నిన్నే వెళ్లి చూసొచ్చాను."

"అది కాదు నాన్నా. పెళ్లికూతురు నన్నొక్కదాన్నే తీయమంది. లైట్లు లేకుండా, నా పద్ధతిలో. నెల కిందటే చెప్పింది."

ఆయన చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "నెల కిందట."

"నీకెలా చెప్పాలో తెలియక..."

"నీకేం తల్లీ. ఎవరికీ తెలియకుండా చక్కబెట్టడం నీకు అలవాటే. పెళ్లిళ్లలోనే అనుకున్నాను, ఇంట్లో కూడానా?"

మెట్ల మీద నుంచి తల్లి తొంగిచూసింది. "పోట్లాట రేపటికి దాచుకోండి ఇద్దరూ. పదింటికి పెళ్లి. ఏమండీ, చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. హాయిగా వెళ్లి, పిల్లలను దీవించి, భోజనం చేసి రండి చాలు."

"అలాగే," అన్నాడాయన పొడిగా. కానీ బయల్దేరేటప్పుడు ఆయన భుజానికి పాత కెమెరా వేలాడుతూనే ఉంది. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు.

హాలు పెద్ద రోడ్డు పక్కనే, మొదటి అంతస్తులో. ఆరు నిలువెత్తు కిటికీలు. కింద బస్సుల హారన్లు, పైన పిల్లల పరుగులు, మధ్యలో పూలబుట్టలు మోసుకుంటూ పనివాళ్లు. పిట్టకు ఇలాంటి గందరగోళంలోనే ఊపిరి ఆడుతుంది. గోడవార నడుస్తూ, మోకాళ్ల మీద కూర్చుంటూ, తప్పుకుంటూ తీసుకుపోతోంది. పోయిన చెప్పు కోసం బల్ల కింద దూరిన మేనత్తను తీసింది. నాలుగు మాటలు చెప్పడానికి రాసుకొచ్చిన కాగితం చదువుకుంటూ పెదాలు కదుపుతున్న పెళ్లికొడుకు స్నేహితుణ్ణి తీసింది. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. పని సాగుతోందనడానికి ఆమెకు అదే గుర్తు.

పెళ్లికూతురు హాల్లోకి వచ్చే వేళైంది. వేదిక దగ్గర పెళ్లికొడుకు తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. అతను తల తిప్పి ఆమెను చూసే ఆ ఒక్క క్షణం కోసం పిట్ట పావుగంట నుంచి మోకాళ్ల మీదే కాచుకుని ఉంది. తలుపు తెరుచుకుంది. పెళ్లికొడుకు తిరిగాడు. అతని నోరు కొంచెం తెరుచుకుంది, కళ్లు...

"ఆగండాగండి!" తండ్రి ఇద్దరి మధ్యకూ వచ్చేశాడు. "బాబూ, ఒక్క నిమిషం. భుజాలు నిటారుగా పెట్టు. ఆఁ, ఇప్పుడు చూడు."

పెళ్లికొడుకు బిగుసుకుపోయాడు. నోరు మూసుకుని, నవ్వాలో వద్దో తెలియక కెమెరా వైపు చూశాడు.

"నాన్నా! అడ్డం లే!" పిట్ట గొంతు హాలంతా వినబడింది. "నిన్నెవరు పిలిచారిక్కడికి?"

మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చుట్టాలు ఆయన వైపు చూశారు. కెమెరాకు మూత పెట్టి, పక్కకు జరిగి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు.

పెళ్లి సాగింది, పిట్ట పనీ సాగింది. చెయ్యి తడబడలేదు, కానీ చెంపలు మండుతూనే ఉన్నాయి.

పెళ్లి ముగిశాక పెళ్లికూతురు బట్టల్లో భుజం దగ్గర కుట్టు పుటుక్కుమని ఊడింది. పక్కగదిలోకి వెళ్లారు, టైలరూ కూతురూ, వెనకాలే పిట్ట. ఆ బట్టలు టైలరే నాలుగు నెలలు కుట్టాడు. జేబులోంచి సూదీ దారం తీసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. దారం సూది పక్కనుంచి పోయింది. తడి చేసి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ పోయింది.

"పాడు కళ్లజోడు," అన్నాడు నవ్వుతూ. "ఇంట్లో మర్చిపోయాను."

"ఈ దారమే మొండిది నాన్నా, ఇటివ్వు," అంది కూతురు. చటుక్కున ఎక్కించి, ముడివేసి, సూది ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. తానే కుట్టుకోగలదు, కుట్టుకోలేదు. భుజం ఆయన వైపు తిప్పి నిలబడింది. పిట్ట ఊపిరి బిగబట్టి రెండుసార్లు మీట నొక్కింది.

వాళ్లు బయటికొచ్చేసరికి టైలరు తల్లి, ఎనభై దాటిన నాయనమ్మ, పిట్ట కోసమే కాచుకుని ఉంది.

"ఏమే పిట్టా, గంట నుంచీ కొత్తబట్ట నలగకుండా కూర్చున్నాను. నన్నెవరూ తీయలేదేం?"

"తీశాను నాయనమ్మా, పన్నెండు ఫొటోలు! నువ్వు మనవరాలి చెయ్యి పట్టుకున్నది ఎంత బాగా వచ్చిందో."

"ఎప్పుడు తీశావు? నాకు తెలియదే." ముసలావిడ ముఖం చిన్నబోయింది. "నాకు తెలియకుండా తీస్తే అది నీ ఫొటో అవుతుంది గానీ నాదెలా అవుతుందే? నేను నిటారుగా కూర్చోవాలి. నా వెనక నా వాళ్లంతా నిలబడాలి. అది కావాలి నాకు."

పిట్టకు ఎవరో చెంప మీద మెల్లగా తట్టినట్టైంది. "సరే" అని చుట్టాలను పిలవడం మొదలుపెట్టింది. పదిమంది వస్తే ఆరుగురు భోజనాలకు జారుకున్నారు. పిల్లలు వేదిక కింద దూరారు. పెళ్లికూతురి పెదనాన్న ఫోను చెవికి అంటించుకునే నిలబడ్డాడు. ఆమె గొంతు ఎవరి చెవినా పడటం లేదు. మనుషులను కదపకుండా తీయడం ఆమెకు తెలుసు. మనుషులను కదపడం ఎలాగో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

తండ్రి వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పిట్ట వెళ్లి ఆయన పక్కనే కూర్చుంది.

"నాన్నా, అందరి ముందూ అలా అనాల్సింది కాదు. తప్పు నాది. నిన్ను ఎవరూ పిలవలేదన్నాను. పిలవాల్సినదాన్ని నేనే, పిలవలేదు."

"ఆ కుర్రాడు ఆ పిల్లని చూసిన చూపు నాకూ కనబడిందే. నేను మధ్యలోకి వచ్చేశాక కనబడింది. నీకు దొరికిందా?"

"లేదు."

"మళ్లీ చూడమంటే?"

"అలా చూడలేడు నాన్నా."

"చూడలేడు," ఒప్పుకున్నాడాయన. "అది నా వల్ల పోయింది." మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఇప్పుడెందుకొచ్చావు? ఉత్తినే రావు నువ్వు."

"నాయనమ్మకి కుటుంబమంతా ఉన్న ఫొటో కావాలట. నా మాట ఒక్కరూ వినడం లేదు."

ఆయన పెదవుల మీద నవ్వు మొలిచింది. "వినరు. ముందు పిల్లలను కూర్చోబెట్టాలి. తల్లులు వాళ్లంతట వాళ్లే వస్తారు. పద."

ఆయన కెమెరా భుజం మీదనే ఉంచుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. "పిల్లలందరూ నేల మీద! ముందొచ్చినవాళ్లు నాయనమ్మ పక్కన! అమ్మా పచ్చబట్టలావిడా, మీ చంటివాణ్ణి ఇటు తిప్పండి, వాడే హీరో ఇవాళ. పెదనాన్నగారూ, ఆ ఫోనులో ఉన్నాయన్ని కూడా రమ్మనండి, చోటుంది. బావగారూ, పొట్ట బిగబట్టకండి, మాకందరికీ తెలిసిందే!" నవ్వులు లేచాయి. నాలుగు నిమిషాల్లో నలభైమందికి పైగా నాలుగు వరసల్లో నిలబడ్డారు. మధ్యలో నాయనమ్మ, కర్ర పక్కన పెట్టించి, రాణిలా కూర్చుంది.

పిట్ట మొదట వాళ్లు కిక్కిరిసి సర్దుకుంటున్నది తీసింది. తర్వాత తండ్రి చెయ్యి దించగానే, అందరూ కదలకుండా ఉన్నది తీసింది.

"ఆఁ, ఇప్పుడు తెలిసింది నాకు," అంది నాయనమ్మ తృప్తిగా.

మర్నాడు ఉదయం షట్టరు ఎత్తీ ఎత్తగానే టైలరు రోడ్డు దాటి వచ్చేశాడు. "ఏవే ఫొటోలు? కళ్లు కాయలు కాస్తున్నాయి."

కంప్యూటరు ముందు పిట్ట, ఇటు తండ్రి, అటు టైలరు కూర్చున్నారు. తల్లి పైనుంచి టీ తెచ్చింది. చెప్పు వెతుకుతున్న మేనత్తను చూసి టైలరు పడీపడీ నవ్వాడు. కిటికీ దగ్గరి ఫొటో రాగానే ఆ నవ్వు ఆగిపోయింది.

గది స్పష్టంగా ఉంది. కిటికీ, పెళ్లిబట్టల మీది పూసలు, సూది కింద వేలాడుతున్న దారం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. టైలరు వేళ్ల కొసలు మాత్రం చెదిరిపోయాయి.

"చేతులు చెదిరాయే," అన్నాడు తండ్రి అలవాటుగా. "నేనైతే పక్కన పడేసే..." మాట మధ్యలోనే ఆపి స్నేహితుడి వైపు తిరిగాడు. "ఒరేయ్. ఎప్పటి నుంచిరా?"

టైలరు చేతులు ఒళ్లో దాచుకున్నాడు. "ఏడాదైంది."

"ఎదురుగా కూర్చుంటావు రోజూ. నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? కుట్టు తప్ప ఏమీ రానివాడికి చేతులు వణుకుతున్నాయని చెప్పనా? ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు." పిట్ట వైపు తిరిగాడు. "పిట్టా, ఇది తీసెయ్ తల్లీ."

పిట్ట తీసిన వాటిలో అంతకన్నా మంచి ఫొటో లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "తీసేస్తాను బాబాయ్. నీకిష్టం లేనిది ఎవరికీ చూపించను," అని మీట మీద వేలు పెట్టింది.

తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క క్షణం ఆగమ్మా. ఒరేయ్, నీ చేతులు చూసుకున్నది చాలు. నీ కూతురి ముఖం చూడు."

టైలరు ముందుకు వంగాడు. ఫొటోలో ఆయన కళ్లు సూది మీదే ఉన్నాయి. కూతురు సూదిని చూడటం లేదు. తన తండ్రి వంచిన తలను, నెరిసిన పాపిటను చూస్తోంది. అప్పుడే నిద్రపోయిన పసిపిల్లను తల్లి చూసుకుంటున్నట్టు చూస్తోంది. కళ్ల నిండా నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"దీనికి తెలుసు," అన్నాడు టైలరు మెల్లగా. "తెలిసే ఊరుకుంది."

ఫోను తీసి కూతురికి చేశాడు. అవతల ఎత్తగానే ఉపోద్ఘాతం లేకుండా అడిగాడు. "ఏమ్మా, నా చేతుల సంగతి నీకెప్పటి నుంచి తెలుసు?"

ఆ అమ్మాయి గొంతు గదిలో అందరికీ వినబడింది. "ఎనిమిది నెలలైంది నాన్నా. సాయంత్రం నువ్వు టీకి వెళ్లినప్పుడల్లా నువ్వు కుట్టిన గుండీలు నేను మళ్లీ బిగించేదాన్ని. నీకు కోపమా?"

"నా గుండీలు ఊడిపోవడం లేదని నేనెంత గర్వపడ్డానే!" అంటూ టైలరు ఏడుస్తూనే నవ్వాడు. "రేపు నువ్వూ అల్లుడూ రండి. డాక్టరు దగ్గరికి వెళ్దాం. నువ్వు చెప్పినట్టే వింటాను." ఫోను పెట్టేసి ముఖం తుడుచుకున్నాడు. "పిట్టా, దీన్ని మొదటి పేజీలో వెయ్యి."

ఆయన రోడ్డు దాటి తన షాపులోకి వెళ్లేదాకా ముగ్గురూ తలుపు దగ్గరే నిలబడి చూశారు. తర్వాత తండ్రి కళ్లజోడు తీసి, చాలాసేపు దాన్నే తుడుస్తూ ఉండిపోయాడు. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

"ముప్పై ఏళ్లు వాణ్ణి ఎదురుగా పెట్టుకుని కూడా నేను చూడలేదే," అన్నాడు. "నువ్వు చూశావు."

"నేనూ చూడలేదు నాన్నా. ఆ ముఖం చూసి నొక్కానంతే. చేతుల సంగతి నువ్వు చెప్తేనే తెలిసింది."

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. "మళ్లీ మొదటి నుంచి చూపించు. ఒక్కొక్కటే, మెల్లగా."

తల్లి చల్లారిన టీలు తీసుకుని వేడి చేయడానికి పైకి వెళ్లింది.