నలభై ఒకటో స్టెన్సిల్

2003 జూలై. మంగళవారం ఉదయం 9.20.

బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

విజయవాడ వన్ టౌన్, పంజా సెంటర్ వెనక సందు. మేడ మీద రెండు గదుల వర్క్‌షాపు. చేత్తో చేసిన కాగితం మీద స్టెన్సిళ్లు పెట్టి, స్పాంజితో ఇంకులు అద్ది గ్రీటింగ్ కార్డులు తయారుచేస్తారక్కడ. బీరువాలో ఉండాల్సినవి నలభై ఒక్క స్టెన్సిళ్లు. ‘కృష్ణా తీరం’ అనే పన్నెండు కార్డుల సెట్టుకి కోసినవి. వాటిని చూడటానికే గురువారం పదకొండింటికి ఢిల్లీ నుంచి హస్తకళల కమిటీ వస్తోంది. నచ్చితే పెద్ద అవార్డు.

ఎస్.ఐ. సుబ్బరత్నం బీరువా తాళాన్ని వెలుతురులో తిప్పి చూసింది. గీత కూడా పడలేదు.

“తాళంచెవులు ఎన్ని మాస్టారూ?”

“రెండు. ఒకటి నా దగ్గర. రెండోది మా దగ్గర పనిచేసే అక్తరున్నీసా దగ్గర.”

వర్క్‌షాపు యజమాని వెంకటకృష్ణారావు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆరో తరగతిలో సుబ్బరత్నం చేయి పట్టుకుని మొదటి గీత గీయించినాయన. ఆడపిల్లకి పోలీసు ఉద్యోగమేమిటని ఇంట్లో రభస జరిగితే, వచ్చి వాళ్ల నాన్నకి నచ్చజెప్పిందీ ఆయనే. అలాంటి మనిషి కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటుంటే ఆమె గుండె చెరువైంది.

అయినా డ్యూటీ డ్యూటీయే. నోట్‌బుక్ తీసింది.

“వాటిని చివరిసారి ఎప్పుడు చూశారు?”

“నిన్న సాయంత్రం అయిదింటికి. తాళం వేసి, కాగితం కోసం ఉయ్యూరు వెళ్లాను. 5.40 బస్సు. ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది.”

“స్టెన్సిళ్లన్నీ ఇక్కడ కోసినవేనా?”

“నలభై ఇక్కడే కోశాను. నలభై ఒకటోది, లకుముకిపిట్ట, ఆదివారం సాయంత్రం సత్యనారాయణపురంలో మా ఇంట్లో కోశాను. ఆరు నుంచి తొమ్మిది దాకా పట్టింది. నిన్న పొద్దున తెచ్చి ఇందులో పెట్టాను.”

“అక్తరున్నీసా ఏం పని చేస్తుంది?”

“ఊడుస్తుంది. ఇంకులు కలుపుతుంది. కార్డులు ఆరబెడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉంది.”

“మీ ఇంటికి వస్తూ పోతూ ఉంటుందా?”

“లేదమ్మా. పనివాళ్లని ఇంటిదాకా రానివ్వను. ఆవిడకి మా వీధి కూడా తెలీదు.”

“ఎవరిమీదైనా అనుమానం ఉందా?”

ఆయన నిట్టూర్చారు. “నా నోటితో ఎలా చెప్పను రత్నం. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.”

రెండో తాళంచెవి సంగతి వేరే చెప్పాల్సిన పనిలేదు. సుబ్బరత్నం మొత్తం రాసుకుని ఆయన చేత సంతకం పెట్టించింది. అప్పటికి టైమ్ 9.50.

కింద వాటాలో శుభలేఖల ప్రెస్సు నడిపేది కాశిం. ఆమె అతని దగ్గర ఆగింది.

“మాస్టారి డిజైన్లు కావాలని అడిగారట?”

“అడిగానండి, రెండుసార్లు. దొంగిలించేవాణ్ణయితే అడగను కదండీ.”

“నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఎనిమిదిన్నర దాకా ఈ మిషను దగ్గరే. పెళ్లివాళ్లు నలుగురు ఇక్కడే కూర్చున్నారు. కావాలంటే నంబర్లు ఇస్తాను.” కాశిం చేతుల మసి తుడుచుకున్నాడు. “ఒక్క మాటండి. అక్తర్ ఆపా అలాంటి మనిషి కాదు.”

“అందరి గురించీ అందరూ అదే చెబుతారు,” అని సుబ్బరత్నం జీపెక్కింది.

11.45. వించిపేట. అక్తరున్నీసా ఉండేది ఒక్క గది. నలభై అయిదేళ్ల వితంతువు. వేళ్ల సందుల్లో ఎంత కడిగినా వదలని నీలం రంగు. హెడ్ కానిస్టేబుల్ పుల్లయ్య మంచం కింద నుంచి పెద్ద బిస్కెట్ డబ్బా లాగాడు.

స్టెన్సిళ్లు లేవు. డబ్బా నిండా కత్తిరించిన కాగితం ముక్కలున్నాయి. వార్నిష్ పూసిన మందపాటి కాగితం, అంచుల చుట్టూ ఇంకు. పుల్లయ్య పంచనామాలో వరసగా రాశాడు. తెరచాప, తాటాకు, చెరుకు గడలు, పిట్ట రెక్క, పిట్ట తోక. మొత్తం మూడువందల పన్నెండు.

“ఇవెక్కడివి?”

“నావేనమ్మా.”

“నీవెలా అవుతాయి?”

అక్తరున్నీసా తల వంచుకుంది. “మాస్టారిని అడగండమ్మా. ఆయన చెబుతారు.”

గుమ్మం ముందు అప్పటికే జనం మూగారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందని ఎవరో అననే అన్నారు. పోయిన రంజాన్‌కి ఆ గుమ్మంలోనే, ఆమె దగ్గర, తమ పిల్లల చేత కార్డులు చేయించుకున్నవాళ్లే వాళ్లు.

12.40కి మాస్టారు స్టేషన్‌కొచ్చి డబ్బా చూశారు. “ఇవి నా స్టెన్సిళ్లలోవే. నా చేతి కోత నాకు తెలీదా,” అన్నారు. ఆ మాట కిందా సంతకం పెట్టారు.

“విన్నావుగా,” అంది సుబ్బరత్నం, ఆయన వెళ్లాక. “నువ్వే తీశావన్నారు.”

“ఆయన అలా అనరమ్మా. కంగారులో ఉన్నారు. సాయంత్రానికి వచ్చి నన్ను తీసుకెళ్తారు.”

అక్తరున్నీసా బెంచీ మీద గేటుకి ఎదురుగా కూర్చుంది. స్కూటర్ చప్పుడైనప్పుడల్లా తలెత్తింది. దొంగలు గేటు వైపు చూడటం సుబ్బరత్నానికి కొత్త కాదు. కానీ వాళ్లు బయటపడే దారి కోసం చూస్తారు. ఈమె లోపలికి వచ్చే మనిషి కోసం చూస్తోంది.

ఆరింటికి వచ్చింది కాశిం. పూచీ సంతకం పెట్టి ఆమెని ఇంటికి తీసుకెళ్లాడు. అరెస్టు కాగితం ఇంకా రాయలేదు. రేపు మూడింటికి రాసి కోర్టుకి పంపుతానని సుబ్బరత్నం కాశింకి ముందే చెప్పింది. కోర్టు మెట్లెక్కిందంటే ఆ మనిషికి దొంగ అన్న పేరు జన్మలో పోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బుధవారం ఉదయం 8.30.

సుబ్బరత్నం డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఎప్పుడో స్కూల్లో నేర్చుకున్న పాఠమే. కాగితంలో పిట్టని కోస్తే రెండు వస్తువులు వస్తాయి. కన్నంతో మిగిలిన కాగితం స్టెన్సిల్. ఆ కన్నంలో ఇంకు అద్దితే రంగు పిట్ట వస్తుంది. కోసేవాళ్ల ఒళ్లో రాలిపడే ముక్క మాస్క్. దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ ఇంకు అద్దితే తెల్ల పిట్ట మిగులుతుంది.

అంటే పోయింది కన్నాలు. దొరికింది ముక్కలు.

ఊరికే ఒక్కొక్కటీ పేర్చింది. రెక్క, తోక, పొట్ట, పొడుగాటి ముక్కు. ఏడు ముక్కలకి లకుముకిపిట్ట పూర్తయింది.

ఆమె చేయి ఆగిపోయింది. ఫైల్లోంచి మాస్టారి స్టేట్‌మెంట్ తీసింది. ఒక వాక్యం దగ్గర ఆగి మూడుసార్లు చదివింది. అది అబద్ధం కాకూడదని దేవుడికి మొక్కుకుంది కూడా. తర్వాత పుల్లయ్యని పిలిచి ఉయ్యూరు పంపింది.

మధ్యాహ్నం 2.30. వర్క్‌షాపు. బల్లకి ఒక పక్క మాస్టారు, ఇంకో పక్క కాశిం. అక్తరున్నీసా గోడ వారగా నిలబడింది. ఇరవై రెండేళ్లు పనిచేసిన గదిలో ఆవిడకి కూర్చోమనేవాళ్లు లేరు.

“స్టెన్సిల్ కోశాక రాలిన ముక్కలు ఏం చేస్తారు మాస్టారూ?”

“చెత్తబుట్టలో వేస్తాను. ఊడ్చేది ఈవిడేగా. అలా పోగేసింది.”

“బావుంది. మూడువందల అయిదు ముక్కలకి ఆ జవాబు సరిపోతుంది.” సుబ్బరత్నం బల్ల మీద ఏడు ముక్కలు పేర్చింది. “ఈ ఏడింటికి సరిపోదు. ఇది మీ నలభై ఒకటోది. ఆదివారం ఎక్కడ కోశారు?”

“చెప్పానుగా, మా ఇంట్లో.”

“మీ ఇంట్లో రాలిన ముక్కలు వించిపేట డబ్బాలోకి ఎలా వచ్చాయి? ఈవిడకి మీ వీధి కూడా తెలీదని మీరే చెప్పారు.”

మాస్టారు కండువా సవరించుకున్నారు. “స్టెన్సిల్‌తో పాటు తెచ్చి ఉంటాను.”

“చెత్తని సత్యనారాయణపురం నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చారా?”

“పెద్దవాణ్ణయ్యాను రత్నం. ఆదివారమో, ఇంకోరోజో.”

సుబ్బరత్నం ఒక మందపాటి కాగితం, ఒక కత్తి ఆయన ముందు పెట్టింది. “వారం మర్చిపోయినా చేయి మర్చిపోదు. ఒక్క రెక్క కోయండి. చిన్నది చాలు.”

ఆయన కత్తి పట్టుకున్నారు. మొన కాగితానికి తగలకముందే కింద పెట్టేశారు. “మనసు బాలేదమ్మా.”

“నేను ఆరేళ్లుగా అడుగుతున్నానండి, నా ముందు ఒక్కటి కోసి చూపించమని,” అన్నాడు కాశిం నెమ్మదిగా. “ఎప్పుడూ రేపు రమ్మనేవారు.”

సుబ్బరత్నం కత్తిని అక్తరున్నీసా వైపు జరిపింది. అప్పుడు కూడా ఆవిడ మాస్టారి మొహం వైపే చూసింది, అనుమతి కోసం. ఆయన మొహం తిప్పుకున్నారు. ఆవిడ బల్ల దగ్గరకొచ్చి కత్తీ కాగితమూ తీసుకుని నేల మీద కూర్చుంది. పెన్సిల్ గీత లేదు, కొలత లేదు. కత్తి కదలకుండా కాగితాన్నే తిప్పింది. అర నిమిషంలో రెక్క ఒళ్లో రాలింది. డబ్బాలో రెక్కకి ఉన్న వంపే దీనికీ ఉంది.

“ఇన్నాళ్లుగా ఇక్కడ ప్రతి బొమ్మా గీసిందీ కోసిందీ ఈవిడే,” అంది సుబ్బరత్నం. “ఒళ్లో రాలిన ముక్కలు ఈవిడ ఇంటికి తీసుకెళ్లింది. ఎవరి ఒళ్లో రాలాయో ఆలోచించకుండా మనం వాటిని దొంగసొత్తు అన్నాం. నేనూ అన్నాను.”

గుమ్మంలో పుల్లయ్య గోనె కట్ట దించాడు. కాగితాల మధ్య ఒకటొకటిగా స్టెన్సిళ్లు. నలభై ఒకటీ ఉన్నాయి.

“ఉయ్యూరులో కాగితం చేసే అమలమ్మగారి షెడ్డులో ఉందండి. సోమవారం ఏడింటికి మాస్టారే ఇచ్చారట. కమిటీ వెళ్లేదాకా దాచమన్నారట.”



“నేర్పింది నేను,” అన్నారు మాస్టారు చివరికి. “వర్క్‌షాపు నాది. పేరు నాది. గురువారం వాళ్ల ముందు కత్తి పట్టమంటే, ఎన్నేళ్లుగానో పట్టని ఈ చేత్తో ఏం చేసేవాణ్ణి? పోయాయంటే కోయమని అడగరు. పంపిన ఫోటోలు చూసి, జాలిపడి అవార్డు ఇస్తారు.”

“పోతే పోయాయనొచ్చుగా. ఈవిడనెందుకు దొంగని చేశారు?”

ఆ జవాబు కూడా సుబ్బరత్నమే చెప్పింది. “ఎప్పుడైనా ఈవిడ నోరు తెరిచి అవి నావి అంటే, దొంగ మాట ఎవరూ నమ్మకూడదు. అంతేనా?”

అక్తరున్నీసా కత్తిని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది.

“కమిటీ ముందు నా పేరు మీరే చెబుతానన్నారు మాస్టారూ. ఎవరికీ చెప్పకు, నేనే చెబుతానన్నారు. అందుకే స్టేషన్లో కూడా నేను చెప్పలేదు.” కోసిన రెక్కని తీసి కత్తి పక్కన పెట్టింది. “నిన్న ఆరింటిదాకా మీరు వస్తారనే కూర్చున్నాను.”

ఆయన ఆవిడ వైపు చూడలేదు. సుబ్బరత్నం వైపు తిరిగారు. “నీ చేయి పట్టుకుని గీయించినవాణ్ణి రత్నం.”

పాతికేళ్లుగా సుబ్బరత్నం దేవుడి పటం పక్కన పెట్టుకున్న మనిషి. తన శిష్యురాలు తన మాట కాదనదన్న ధీమాతోనే ఆయన ఈ నాటకం ఆడాడు. ఆ లెక్క దాదాపు తప్పలేదు కూడా. అదే ఆమెకి అన్నిటికన్నా సిగ్గుగా ఉంది.

“జీపెక్కండి,” అంది. “తప్పుడు కంప్లయింట్ కేసు రాయాలి.”

ఆయన మెట్లు దిగి వెళ్లాక ఆమె అక్తరున్నీసా దగ్గరికి వెళ్లింది. నిన్నటి ‘నువ్వు’ నోట్లోంచి రాలేదు. “అక్తరున్నీసాగారూ, మీ మాట వినకుండా ఆయన మాట విన్నాను. తప్పయింది.”

“నేను మాత్రం ఎవరి మాట విన్నానమ్మా ఇన్నేళ్లూ?”

గురువారం. 11.05.

అప్లికేషన్ వర్క్‌షాపు పేరు మీదే ఉండటంతో పేచీ రాలేదు. ముగ్గురు కమిటీ వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. సుబ్బరత్నం యూనిఫాంలో గుమ్మం దగ్గర నిలబడింది, సందులో ఎవరూ ఒక్క మాట అనకుండా. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని అక్తరున్నీసా నావ కోస్తోంది.

వాళ్లలో ఒకాయన తెలుగువాడు. పెద్దాయన. ముందుకి వంగి చాలాసేపు చూశాడు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా ఈ పని?”

కత్తి ఆగింది.

“ఒక మాస్టారు నేర్పారు సార్.”

“ఎక్కడుంటారు? ఒకసారి కలవాలి.”

“లేరు సార్. మొన్న సోమవారం చనిపోయారు.”

ఆయన అయ్యో అన్నాడు. పక్కవాళ్లకి హిందీలో చెప్పాడు. ముగ్గురూ కుర్చీల్లోంచి లేచి తలలు వంచారు. అక్తరున్నీసా లేవలేదు. నావని మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

ఆ మాట నిజం కాదని చెప్పగలిగిన మనిషి గుమ్మం దగ్గరే ఉంది. చెప్పలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వాళ్లతో పాటు ఆ నిమిషమంతా నిలబడింది.